గుత్తి కట్టి చెప్పుట

మాట్లాడడం వచ్చిన ప్రతివానికీ చెప్పడం వచ్చిందని అనుకోవడానికి వీలులేదు. వక్త వేదిక మీద పదిహేను విషయాలు చెప్పి దిగిపోతాడు. శ్రోత ఇంటికి చేరేసరికి రెండే మిగులుతాయి. ఆ రెండూ వక్త ముఖ్యమని తలచినవి కాకపోవచ్చు. పరీక్షలో విద్యార్థి తనకు తెలిసినదంతా ఏకధాటిగా వ్రాస్తాడు. దిద్దే అధ్యాపకునికి అందులో ఏది మొదలో ఏది కొసో బోధపడదు. ఇటువంటి చోట్ల చాలావరకు కనిపించేది జ్ఞానలోపం కంటె కూర్పులోని లోపమే.

ఇరవై తాళపుచెవులను విడివిడిగా సంచిలో వేసుకున్నవాడు తలుపు దగ్గర నిలబడి వెదుకుతూనే ఉంటాడు. వాకిళ్లవి ఒక గుత్తి, బీరువాలవి ఒక గుత్తి, కొట్టువి ఒక గుత్తి అని కట్టుకున్నవాడు చేయి పెట్టగానే కావలసినది తీస్తాడు. తాళపుచెవుల సంఖ్య ఇద్దరికీ ఒక్కటే. భావాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. చెప్పదలచిన సంగతులను చిన్న చిన్న గుత్తులుగా కట్టి అందించే పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఏ షరతులకు లోబడి పనిచేస్తుందో, మన భాషలనుండీ మన ప్రాంతంనుండీ తీసిన ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనస్సు పట్టగలిగినంత

ఈ సంఖ్యను ఒక్కసారి చదివి, కళ్లు మూసుకొని తిరిగి చెప్పడానికి ప్రయత్నించండి: 194719562014. పన్నెండు అంకెలు. చాలామంది సగంలో తడబడతారు. ఇప్పుడు దానినే 1947, 1956, 2014 అని చదవండి. మొదటిది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, రెండవది ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరం, మూడవది ఆ రాష్ట్రం విభజింపబడిన సంవత్సరం. అంకెల్లో ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ మారలేదు. కాని పన్నెండు బరువులు మూడు బరువులైనాయి. వారం గడిచినా ఈ సంఖ్య మరపుకు రాదు.

అమెరికా మనోవైజ్ఞానికుడు జార్జి మిల్లర్ 1956లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతినే శాస్త్రీయంగా చర్చించాడు. మనిషి ఒక్కసారిగా మనస్సులో నిలుపుకోగలిగిన అంశాలు సుమారు ఏడు, ఒకటి రెండు అటూ ఇటూ, అని ఆయన పేర్కొన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే మరో పరిశోధకుడు, వల్లె వేసుకోవడం వంటి సాయాలు లేనప్పుడు ఈ పరిమితి నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. ఏడు సరియా, నాలుగు సరియా అన్నది శాస్త్రజ్ఞులు తేల్చుకోవలసిన సంగతి. మనకు పనికివచ్చేది మిల్లర్ చెప్పిన మరొక అంశం: మనస్సు లెక్కపెట్టేది అక్షరాలనో అంకెలనో కాదు, గుత్తులను. అర్థంతో ముడిపడిన గుత్తి ఎంత పెద్దదైనా మనస్సుకు ఒక్కటే. ఆధార్ కార్డు మీద పన్నెండు అంకెలను నాలుగేసి చొప్పున మూడు భాగాలుగా ముద్రించడంలో ఉన్న సౌకర్యం ఇదే.

గుత్తిలో గుత్తి కట్టే విధానానికి మన తపాలా పిన్ కోడు చక్కని నిదర్శనం. 1972 ఆగస్టు 15న ఇది అమలులోనికి వచ్చింది. దీనిని రూపొందించిన తపాలా శాఖ అధికారి శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా కావడం గమనించదగినది. ఆరు అంకెలలో మొదటిది దేశంలోని ఒక పెద్ద మండలాన్ని, రెండవది అందులోని ఉపమండలాన్ని, మూడవది ఉత్తరాలను వేరుచేసే జిల్లాను సూచిస్తాయి. మిగిలిన మూడు అంకెలు తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. 5తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు. 522 అయితే గుంటూరు వైపు. దేశంలోని వేలాది తపాలా కార్యాలయాలను ఏ గుమాస్తా జ్ఞాపకం పెట్టుకోనక్కరలేదు. ప్రతి మెట్టు మీదా అతడు ఎంచుకోవలసినవి కొద్దిపాటివే.

అక్షరమాల నేర్పిన పాఠం

గుత్తి కట్టడం పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య అనుకోనవసరం లేదు. బడిలో మనం మొదట దిద్దిన అక్షరాలలోనే ఆ విద్య ఉన్నది. క నుండి మ వరకు గల ఇరవైఅయిదు హల్లులు అయిదేసి చొప్పున అయిదు వర్గాలు. కవర్గం కంఠంలో, చవర్గం దౌడల దగ్గర, టవర్గం అంగిలి పైభాగాన, తవర్గం దంతాల దగ్గర, పవర్గం పెదవుల మీద పుడతాయి. అనగా ధ్వని గొంతునుండి బయలుదేరి పెదవుల దాకా నడిచివస్తుంది. ప్రతి వర్గంలోనూ చివరి అక్షరం ముక్కుతో పలికేదే. ఇరవైఅయిదింటినీ వేరువేరుగా వల్లించే శ్రమ లేకుండా, అయిదు చోట్లు తెలిస్తే వరుస తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఒక అక్షరం తరువాత ఇంకొక అక్షరం ఎందుకు వస్తుందో ఉచ్చారణనుబట్టి చెప్పలేము. దానిని కేవలం అలవాటుతో నేర్చుకోవాలి.

ఇందులో ఒక గొప్ప సూత్రం ఉన్నది. ఈ వర్గాలను ఎవరో తమకు తోచినట్లు కట్టలేదు. నోటి నిర్మాణంలోనే ఆ విభజన ఉన్నది. వ్యాకరణవేత్తలు దానిని కనిపెట్టి పేరు పెట్టారు. మంచి గుత్తి ఎప్పుడూ విషయంలోనుండి పుడుతుంది.

ఉర్దూ చదివే మిత్రులకు 'అబ్జద్' వరుస తెలిసినదే. అరబ్బీ లిపిలోని ఇరవైఎనిమిది అక్షరాలను అబ్జద్, హవ్వజ్, హుత్తీ, కలమన్ మొదలైన ఎనిమిది మాటలుగా కూర్చారు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యావిలువ ఉన్నది. అబ్జద్‌లో ఒకటినుండి నాలుగు, హవ్వజ్‌లో అయిదునుండి ఏడు, హుత్తీలో ఎనిమిదినుండి పది వస్తాయి. తరువాతి మాటలలో పదులు, వందలు నడుస్తాయి. ఈ ఎనిమిది మాటలు నోటికి వస్తే అక్షరాలూ వాటి విలువలూ రెండూ వచ్చినట్లే. ఒక కట్టడం పూర్తి అయిన సంవత్సరాన్నో ఒక పెద్దమనిషి మరణించిన సంవత్సరాన్నో పద్యపాదంలో అక్షరాల విలువలుగా పొదిగే 'తారీఖ్' అనే కవితావిశేషానికి ఆధారం ఇదే.

తెలుగు ఛందస్సులో దీనికి జోడీ ఉన్నది. 'యమాతారాజభానసలగం' అనే పది అక్షరాల మాటలో మూడక్షరాల గణాలు ఎనిమిదీ ఇమిడి ఉన్నాయి. మొదటి మూడక్షరాలు 'యమాతా' తీసుకుంటే ఒక లఘువు, రెండు గురువులు, అదే యగణం. ఒక అక్షరం జరిగి 'మాతారా' తీసుకుంటే మూడూ గురువులు, అదే మగణం. ఇట్లా చివరిదాకా ఎనిమిది గణాలూ వస్తాయి. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు ఉంటాయి. ఇరవై గురులఘువుల వరుసను గుర్తుంచుకోవడం కష్టం. భ, ర, న, భ, భ, ర, వ అంటే ఏడు గుత్తులు. ఏ పాఠశాల విద్యార్థి అయినా అప్పగిస్తాడు.

ఈ విద్యకు పరాకాష్ఠ అవధానం. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి అనే తిరుపతి వేంకట కవులు ఆంధ్రదేశమంతా తిరిగి శతావధానాలు చేశారు. నూరుమంది పృచ్ఛకులు నూరు విషయాలు ఇస్తారు. అవధాని ఒక్కొక్కరికి మొదటి పాదం చెప్పుకుంటూ పోతాడు; రెండవ ఆవృత్తిలో రెండవ పాదం, ఆ విధంగా నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తిచేసి, చివరకు నూరింటినీ ధారణగా అప్పగిస్తాడు. ఇందులో ప్రతిభ, అభ్యాసం ఉన్నవన్నది నిర్వివాదం. అయితే ఆ ప్రతిభకు సాయపడే కట్టుబాట్లు కూడా చూడాలి. గణాలు పాదాన్ని బంధిస్తాయి; ప్రాస నాలుగు పాదాలను ఒకదానితో ఒకటి బంధిస్తుంది; పృచ్ఛకుడు ఇచ్చిన విషయం పద్యాన్ని ఒక తాటి మీద నిలుపుతుంది. వందలాది మాటలు విడివిడిగా కాక, ముడులుపడి ధారణకు అందుతాయి. నియమాలు కవికి సంకెళ్లని కొందరంటారు. ధారణ పట్టేవానికి అవి పట్టుకొమ్మలు.

సంఖ్య చేసే కాపలా

తుళ్లూరుకు కృష్ణ ఎగువన ఉన్న అమరావతి మహాచైత్యం ఇంకొక పాఠం చెబుతుంది. ఆ స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన ఆయక వేదికలు ఉండేవి. ఒక్కొక్క వేదిక మీద అయిదేసి స్తంభాలు. ఈ అయిదూ బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు సంకేతాలని పండితుల వివరణ: జననం, గృహత్యాగం, సంబోధి, ప్రథమ ధర్మోపదేశం, మహాపరినిర్వాణం. ఇక్కడి శిల్పాలలో సంబోధికి బోధివృక్షం, ధర్మోపదేశానికి చక్రం, నిర్వాణానికి స్తూపం గుర్తులుగా కనిపిస్తాయి. ఎనభై ఏళ్ల జీవితం అయిదు స్తంభాలలో ఒదిగింది. గ్రంథం చదవలేని యాత్రికుడు సైతం ప్రదక్షిణం చేస్తూ నాలుగు దిక్కులా నాలుగుసార్లు ఆ కథను మననం చేసుకోగలిగేవాడు.

బుద్ధుని బోధ శతాబ్దాలపాటు నోటిమాటగానే నడిచింది. అందుచేతనే అది త్రిరత్నాలు, నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగమార్గం అంటూ లెక్కలతో నిండి ఉన్నది. పాళీ వాఙ్మయంలోని అంగుత్తర నికాయం ఒకటి గల విషయాలు, రెండు గల విషయాలు అంటూ పదకొండు వరకు సంఖ్యాక్రమంలోనే కూర్పబడింది. ఇస్లాం ధర్మంలోనూ విశ్వాసప్రకటన, నమాజు, రోజా, జకాతు, హజ్జు అనే అయిదింటిని మూలస్తంభాలుగా చెబుతారు. చిన్నపిల్లలు సైతం వేళ్ల మీద లెక్కపెట్టి అప్పగిస్తారు.

ఇట్లా సంఖ్య చెప్పడంలో ఒక రహస్యం ఉన్నది. 'కొన్ని విషయాలు ఉన్నాయి' అని చెబితే, విన్నవానికి మూడే గుర్తున్నా లోటు తెలియదు. 'అయిదు' అని చెబితే, నాలుగు జ్ఞాపకం వచ్చినప్పుడు అయిదవది ఏమిటని మనస్సు తనకు తానే వెదుకుతుంది. సంఖ్య కాపలాదారు వంటిది. ఏది తప్పిపోయినా వెంటనే హెచ్చరిస్తుంది. వ్రాతపుస్తకాలు అరుదైన కాలంలో ధర్మబోధకులు సంఖ్యను అంతగా ఆశ్రయించడానికి ఇదొక కారణమై ఉండాలి.

చేలలో చూడండి

ఈ విద్య పండితులకూ పరీక్షలకూ మాత్రమే సంబంధించినదని అనుకోరాదు. గుంటూరునుండి ఒంగోలు దాకా పరచుకొన్న ప్రత్తి, మిరప నేలలలో ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి.

కళ్లంలో ఎండిన మిరపను ఆడకూలీలు కూర్చుండి ఎర్రకాయ వేరు, తాలుకాయ వేరు చేస్తారు. తాలు కలిసిన సరుకుకు ధర పడిపోతుందని ప్రతి రైతుకూ తెలుసు. సరుకును వేరుచేసే ఈ జాగ్రత్త, మాటను చెప్పే చోట మనకు తరచు ఉండదు.

ప్రత్తికి కొట్టే పురుగుమందుల విషయం తీసుకోండి. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలను తెల్లదోమ ముంచెత్తినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. అంగడిలో పేర్లు లెక్కలేనన్ని. ఏది ఎంత విషమో చదువురాని కూలీకి తెలిసేది ఎట్లా? దీనికొరకే 1968 నాటి పురుగుమందుల చట్టాన్ని అనుసరించి 1971లో చేసిన నియమాలు మందులన్నిటినీ నాలుగు రంగుల క్రిందకు తెచ్చాయి. డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని క్రింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్ప విషం. వందలాది రసాయనాల పేర్లు ఒక వైపు, నాలుగు రంగులు ఒక వైపు. ఈ నాలుగింటిని ప్రతి పల్లెలోనూ నేర్పగలిగితే, అక్షరం రానివాడు కూడా చేతిలో ఉన్నది ఏమిటో గ్రహించగలడు. నేర్పకపోతే ఆ రంగు ఉండీ ఏమి ప్రయోజనం?

ఇక మందు కొట్టేవానికి చెప్పవలసిన జాగ్రత్తలు. వాటిని సాధారణంగా చెప్పే తీరు ఇది: గాలికి ఎదురుగా నిలిచి కొట్టరాదు, ఖాళీ డబ్బా ఇంట్లో వాడరాదు, కొలత ప్రకారం కలపాలి, బట్టలు విడిగా ఉతకాలి, నాజిల్ పూడితే నోటితో ఊదరాదు, చేతితో కలపరాదు, బీడీ కాల్చరాదు, సబ్బుతో స్నానం చేయాలి, చేతులకు తొడుగు వేసుకోవాలి, మిట్టమధ్యాహ్నం కొట్టరాదు, మిగిలిన మందు పిల్లలకు అందనీయరాదు, డబ్బా మీది రంగు చూడాలి. పన్నెండూ నిజమే, పన్నెండూ అవసరమే. వినేవాని చెవిలో మాత్రం గింజలు చల్లినట్లు చెదిరిపోతాయి.

ఇవే మాటలు ఇట్లా చెప్పవచ్చు. కలిపేటప్పుడు నాలుగు: రంగు చూడు, తొడుగు వేసుకో, కొలిచి పోయి, కర్రతో కలుపు. కొట్టేటప్పుడు నాలుగు: గాలివాలున నిలువు, మిట్టమధ్యాహ్నం మాను, నాజిల్‌ను నోట ఊదకు, పని ముగిసేదాకా తిండీ బీడీ ముట్టకు. కొట్టిన తరువాత నాలుగు: సబ్బుతో స్నానం చేయి, బట్టలు విడిగా ఉతుకు, ఖాళీ డబ్బాను మళ్లీ వాడకు, మిగిలిన మందును పిల్లలకు అందని చోట పెట్టు.

ఇక్కడ జరిగినదేమిటో గమనించాలి. ఒక్క హెచ్చరికనూ వదలలేదు. పని నడిచే వరుసనే గుత్తికి దారంగా తీసుకున్నాము. అందువలన మందు కలుపుతున్నవానికి ఆ క్షణంలో కావలసినవి నాలుగే. తక్కిన ఎనిమిదీ అతని తలమీద బరువుగా ఉండనక్కరలేదు. వేళ వచ్చినప్పుడు అవే వస్తాయి. పైగా ప్రతి గుత్తికీ నాలుగన్న లెక్క ఉన్నది గనుక, మూడు పాటించినవానికి నాలుగవది గుర్తుకు వచ్చే అవకాశం ఉన్నది.

బెడిసికొట్టే చోట్లు

ఈ పద్ధతికి చెడ్డ ఉపయోగాలు కూడా ఉన్నాయి. వాటిలో మూడింటిని చెప్పుకోవాలి.

మొదటిది, సంబంధం లేని వాటిని ఒక్కచోట కట్టడం. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చదరంగపు బల్లను కొద్ది క్షణాలు చూపి, పావుల స్థానాలను తిరిగి పేర్చమన్నారు. నిజమైన ఆటలోని అమరిక అయితే నేర్పరి ఆటగాడు కొత్తవానికంటె ఎంతో ఎక్కువ పావులను సరిగా పేర్చాడు. పావులను తోచినట్లు చెదరగొట్టి చూపినప్పుడు అతని ఆధిక్యం దాదాపు పోయింది. గుత్తికి బలం వస్తువుల మధ్య ఉన్న సంబంధంలోనే ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

రెండవది, ఒకే విభజనలో రెండు సూత్రాలను కలపడం. ఒక కళాశాల నివేదికలో విద్యార్థులను 'ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు, విద్యార్థినులు' అని మూడు వర్గాలు చేశారనుకొందాం. మూడన్న సంఖ్య చెవికి ఇంపుగానే ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో చదివే బాలిక ఏ వర్గంలో చేరుతుంది? రెండు చోట్ల లెక్కకు రావచ్చు. లేదా ప్రతివారూ ఆమె రెండవ చోట ఉన్నదనుకొని ఎక్కడా చేర్చకపోవచ్చు. ఉపకారవేతనాల పట్టికలో ఇటువంటి పొరపాటు జరిగితే అది భాషాదోషంగా మిగలదు. ఒక పిల్ల చదువు ఆగిపోతుంది. కావున మాధ్యమాన్నిబట్టి విభజిస్తే మాధ్యమాన్నిబట్టే, స్త్రీపురుష భేదాన్నిబట్టి విభజిస్తే దానినిబట్టే విభజించాలి.

మూడవది, సంఖ్య మీది మోజు. ఉన్న కారణాలు రెండే అయినా మూడు ఉంటే అందమని మూడవదానిని కల్పించేవారు ఉన్నారు. ఏడు ఉండగా అయిదు కావాలని రెండింటిని మింగేవారూ ఉన్నారు. అవీ ఇవీ ఎక్కడా ఇమడనప్పుడు 'ఇతరములు' అనే గోతంలో పడవేస్తారు. ఆ గోతం బరువు తక్కిన గుత్తులన్నిటికంటె ఎక్కువైనదంటే విభజనే తప్పని అర్థం.

విద్యార్థులకూ, పెద్దలకూ

విద్యార్థి మిత్రులారా! వ్రాయబోయే ముందు మీకు తోచిన విషయాలన్నిటినీ ఒక చిత్తుకాగితం మీద వేయండి. ఏది దేనితో చేరుతుందో చూడండి. కాలాన్నిబట్టి చేరుతాయా, కారణాన్నిబట్టి చేరుతాయా, చోటునుబట్టి చేరుతాయా అని ప్రశ్నించుకొని, ఒక్క సూత్రాన్నే ఎన్నుకోండి. ప్రతి గుత్తికీ ఒక పేరు పెట్టండి. పేరు దొరకకపోతే అది గుత్తి కాదు, కుప్ప. ఒక్కొక్క గుత్తిలో నాలుగైదుకు మించితే దానిని మళ్లీ విడదీయండి. చివరకు, ఎన్ని గుత్తులున్నాయో మొదటి వాక్యంలోనే చెప్పండి.

అభ్యాసానికి మన ముంగిటిలోని ఉదాహరణనే తీసుకోవచ్చు. అమరావతి రాజధాని ప్రణాళికలో తొమ్మిది నగరాలను పేర్కొన్నారు. వాటిని ఏకబిగిన చెప్పమంటే ఏడెనిమిది దగ్గర ఆగిపోయేవారే ఎక్కువ. పాలన, న్యాయం, ఆర్థికం ఒక గుత్తి: ఇవి రాజ్యం నడిచే తీరు. విజ్ఞానం, ఆరోగ్యం, క్రీడలు ఒక గుత్తి: ఇవి మనిషి ఎదిగే తీరు. ఎలక్ట్రానిక్స్, మీడియా, పర్యాటకం ఒక గుత్తి: ఇవి జీవనోపాధి దొరికే తీరు. ఇప్పుడు చెప్పి చూడండి. ఇంతకంటె మంచి విభజన మీకు తోచవచ్చు. తోస్తే ఈ వ్యాసం ఫలించినట్లే.

కళాశాల కార్యవర్గపు పెద్దలకు ఒక మనవి. ప్రకటన ఫలకం మీద అంటించే సూచనలు, తల్లిదండ్రులకు పంపే లేఖలు, ప్రవేశాల నియమాలు ఈ దృష్టితో ఒక్కసారి పరిశీలింపదగినవి. దరఖాస్తుకు జతపరచవలసిన పత్రాలను వరుసగా పదకొండు చెప్పే బదులు, 'బడి ఇచ్చేవి, ప్రభుత్వ కార్యాలయం ఇచ్చేవి, ఇంట ఉన్నవి' అని విడదీసి, ఒక్కొక్కదానికి లెక్క చెబితే, చేనినుండి పని మానుకొని వచ్చే తండ్రి ఒక్క పత్రం కొరకు రెండవసారి తిరగవలసిన అవసరం తగ్గుతుంది. ఒక రోజు కూలి పోకుండా ఉంటుంది.

గుత్తి కట్టి చెప్పడమంటే వినేవాని తెలివిని తక్కువ చేయడం కాదు. అతని మనస్సుకు ఉన్న హద్దును గౌరవించడం, అతడు మోయవలసిన బరువులో కొంత మనమే ముందుగా మోయడం. ఆ శ్రమ చెప్పేవాడు పడకపోతే వినేవాడు పడాలి. వాడూ పడలేకపోతే మాట నేలపాలవుతుంది. కొన్నిసార్లు ఆ మాటతోపాటు ఒక పంట, ఒక చదువు, ఒక ప్రాణం కూడా నేలపాలవుతాయి.